ఆరిన దీపం అప్పు: గోదావరి డెల్టాలో జన్మాంతర ప్రేమకథ రాయడానికి సమగ్ర మార్గదర్శి

ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో స్తంభాల పక్కగా నడుస్తూ రాతి మీద చెయ్యి ఆనిస్తే వేళ్లకు అక్షరాలు తగులుతాయి. దర్శనానికి తొందరపడేవారు వాటిని చెక్కడపు పని అనుకొని దాటిపోతారు. అవి శాసనాలు, వందల సంఖ్యలో ఉన్నాయి. చాలావాటిలో యుద్ధాల ఊసే లేదు. ఫలానా శక సంవత్సరంలో, ఫలానావారు, తమ తల్లికో తండ్రికో పుణ్యంగా, స్వామి సన్నిధిలో అఖండ దీపానికి ఇన్ని గొర్రెలో ఆవులో ఇచ్చారు. వాటిని తీసుకున్న కాపరి రోజూ మానెడు నెయ్యి తెచ్చి పోయాలి. అతని తర్వాత కొడుకులు, వారి తర్వాత మనుమలు పోయాలి. శాసనాల్లో దానికి వాడే మాట 'పుత్రానుపౌత్రికము'.

ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నన్నొక ప్రశ్న పట్టుకుంది. ఆ కాపరికి పిల్లలే లేకపోతే? అతని వంతు నెయ్యి ఎవరు పోస్తారు? మళ్లీ పుట్టి అతనే పోయాలి కదా! నా నవల అక్కడ పుట్టింది. మధ్యయుగాల ప్రేమను, అద్భుతాన్ని, పూర్వజన్మను కలిపి రాయాలనుకునేవారి కోసం, అది రాస్తున్నప్పుడు నేర్చుకున్న క్రమాన్ని ఇక్కడ పెడుతున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఇటువంటి కథలు చాలావరకు ముఖాల పోలిక మీద నడుస్తాయి. పాత చిత్రపటంలో తన ముఖమే చూసుకొని నాయిక కళ్లు తిరిగి పడిపోతుంది, అన్నీ గుర్తొస్తాయి. పాఠకుడు ఒప్పుకుంటాడు గానీ కదలడు. మన పెద్దలు జన్మల మధ్య ముడికి పెట్టిన పేరు ఋణానుబంధం. 'ఋణానుబంధ రూపేణ పశు పత్నీ సుతాలయాః' అని ఇళ్లలో ఇప్పటికీ అంటుంటారు. పశువు, భార్య, బిడ్డ, ఇల్లు, అన్నీ ఋణం కొద్దీ వచ్చినవే. అందులో పశువు ముందుండడం నాకు ఎంతో ఇష్టం. తీరని అప్పు ఏమిటో తెలిస్తే పునర్జన్మ ఎందుకో దానంతట అదే తెలుస్తుంది. అది తెలియనంతవరకు మొదటి వాక్యం రాయకండి.

మొదటి అడుగు: అప్పును శాసనంలా రాసుకోండి

కథాసంగ్రహం కంటే ముందు ఒక శాసనం రాయండి. శాసనం రాసే పద్ధతి మీ చేత నాలుగు విషయాలు తప్పకుండా చెప్పిస్తుంది: ఎప్పుడు, ఎవరు, ఎవరి కోసం, ఎంత. నేను ఆ మూసలో కట్టుకున్నది ఇది. పేర్లు, లెక్క నా కల్పన. వాక్యపు తీరు మాత్రం ఆనాటిది.

'స్వస్తి శ్రీ శకవర్షంబులు 1060 అగునేంటి ఉత్తరాయణ సంక్రాంతి నిమిత్తమున దాక్షారామ శ్రీ భీమేశ్వర దేవరకు సూరసాని తన తల్లి కామసానికి పుణ్యముగా అఖండవర్తి దీపంబునకు ఇచ్చిన గొఱియలు 50. వీనిం జేకొని పోతబోయ తన పుత్రానుపౌత్రికము నిత్యమానెండు నేయి వోయంగలవాండు. ఇది ఆచంద్రార్కము.'

ఈ మూడు వాక్యాల్లో నాయిక ఉంది, నాయకుడున్నాడు, వారి మధ్య సంబంధం ఉంది, సూర్యచంద్రులు ఉన్నంతకాలం అన్న గడువూ ఉంది. ఇక కావలసింది ఒక్కటే: ఆ నెయ్యి ఒక రాత్రి అందకపోవడం.

నా కథలో అది శక 1062 కార్తీకం. సూరసాని నదీస్నానానికి కోటిపల్లి వెళ్లింది. గాలివాన పట్టింది. ఆమె ఎక్కిన పడవ నది మధ్యలోని ఒక లంకకు కొట్టుకుపోయింది. నెయ్యి కుండతో గుడికి బయలుదేరిన పోతబోయకు దారిలో ఈ మాట తెలిసింది. అతను కుండను గట్టు మీద పెట్టి పడవ తాడు అందుకున్నాడు. తెల్లారేసరికి ఇద్దరూ లేరు. గుళ్లో ఆమె తల్లి దీపం ఆరిపోయింది. అతను చేసిన తప్పుకు కారణం ప్రేమే. అతను తప్పిన మాట కూడా ఆమెకు ఇచ్చినదే. మీ కథలోనూ ప్రేమ, అప్పు ఇలా ఒకే రాత్రి పుట్టాలి. విడివిడిగా పుడితే రెండు కథలవుతాయి.

ఇప్పుడు లెక్క వేయండి. శక 1062 అంటే క్రీస్తు శకం 1140. ఆ కార్తీకం నుంచి 2015 గోదావరి పుష్కరాల దాకా, రోజుకు మానెడు చొప్పున, పోయాల్సిన నెయ్యి 3,19,000 మానికలకు పైమాటే. ఈ అంకె కాగితం మీద పడ్డాక నేను చాలాసేపు కలం పట్టలేదు. ఏ మనిషీ ఒక జన్మలో తీర్చగలిగింది కాదది. మరి తీరడమంటే ఏమిటి? నవల అంతా ఆ ప్రశ్నే నడిపింది.

రెండవ అడుగు: కాలాన్ని ఎంచుకోండి

'పూర్వం ఒకానొక రాజ్యంలో' అంటే డెల్టాలో కుదరదు. ఇక్కడి రాళ్లు తేదీలతో సహా మాట్లాడతాయి. వేంగిలో 624లో కుబ్జ విష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్యుల పాలన మొదలైంది. అప్పటి నుంచి 1448లో రాజమహేంద్రవరపు రెడ్డి రాజ్యం అంతమయ్యేవరకు, ప్రేమకథకు పనికొచ్చే కాలాలు నాలుగైదు కనిపిస్తాయి.

రాజకుటుంబాల కథ కావాలంటే రాజరాజ నరేంద్రుడి కాలం (1022-1061) చూడండి. తల్లి కుందవ రాజరాజ చోళుడి కూతురు, భార్య అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు, కొడుకు 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు. తెలుగు ఇంట్లో తమిళ కోడళ్లు రెండు తరాలు కాపురం చేశారంటే ఆ వంటింట్లో, ఆ జోలపాటల్లో ఎన్ని సన్నివేశాలున్నాయో ఊహించండి. నన్నయ భారతం మొదలుపెట్టిందీ ఆ కొలువులోనే. ఆ రాజు పేరుతో రాజమహేంద్రవరంలో సారంగధరుడి కథ కూడా ప్రచారంలో ఉంది. అది జనం చెప్పుకొన్న కథ. శాసనాల్లో కనిపించే చరిత్రగా దాన్ని రాయకండి. పాత్రలు చెప్పుకొనే కథగా వాడుకుంటే బాగుంటుంది.

యుద్ధం తర్వాతి శూన్యం కావాలంటే 1323. ఓరుగల్లు పడిపోయింది. ఆ తర్వాత ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం నాటి దుఃస్థితిని కళ్లకు కట్టిస్తుంది. కవులు, వాదాలు, కొలువులో పోటీలు కావాలంటే శ్రీనాథుడు మసలిన రెడ్డి రాజుల కాలం (1395-1448) ఉండనే ఉంది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు రుద్రమదేవిని పెళ్లాడిన సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, అతని వైపు నుంచి కథ చెప్పినవారు తక్కువ. రాజ్యమేలే భార్యకు భర్తగా ఉండడం 13వ శతాబ్దంలో ఎలా ఉండేదో ఎవరైనా రాయాలి.

నేను ఎంచుకున్నది 12వ శతాబ్దపు నడిమి భాగం. పైన చోళ చక్రవర్తి చాలా దూరంలో ఉన్నాడు, ఇక్కడ వెలనాటి చోడుల పెత్తనం, కోనమండలంలో హైహయులు. పెద్ద రాజు కంటికి కనపడని కాలం ఇది. ఇటువంటి కాలంలో మామూలు మనుషుల కథకు చోటెక్కువ.

తేదీలతో ఒక జాగ్రత్త. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు. జనవరి, ఫిబ్రవరి, మార్చి ఉగాది లోపు మాత్రం 79 కలపాలి. అయితే 12వ శతాబ్దంలో మకర సంక్రాంతి జనవరి 14న పడేది కాదు, డిసెంబరు చివరి వారంలో పడేది. పుష్కరాలను కూడా 2015 నుంచి పన్నెండేసి ఏళ్లు తీసేస్తూ వెనక్కి వెళ్లి పట్టుకోలేరు. బృహస్పతి రాశిచక్రం చుట్టి రావడానికి 11.86 ఏళ్లే పడుతుంది, దాదాపు 84 ఏళ్లకు ఒక ఏడాది జారిపోతుంది. పుష్కరాన్ని కథకు గడియారంగా పెట్టుకునేవారు, అది మంచి ఆలోచనే, పంచాంగ గణన చేసే ప్రోగ్రాముతో సరిచూసుకోవాలి.

మూడవ అడుగు: గోదావరిని పాత దారిలోకి పంపండి

నా తొలి ప్రతిలో సూరసాని సాయంత్రం పూట కాలువ గట్టు మీద నడుస్తుంది. మా తాతయ్యకు ఆ అధ్యాయం చదివి వినిపించాను. ఆయన అంతా విని, 'అది సరేనమ్మా, ఆ కాలువ తవ్వించింది ఎవరు?' అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఇప్పుడు మనం డెల్టా అంటే కళ్ల ముందుకు వచ్చే నిండు కాలువలు, లాకులు, రెండు పంటల పచ్చదనం అన్నీ కాటన్ తర్వాతివి. అంతకు ముందు ఈ నేల వరదకూ ఎండకూ వదిలేసిన నేల. శ్రావణ భాద్రపదాల్లో ఊళ్లు దీవులయ్యేవి. వాన ముఖం చాటేస్తే పక్కనే నది ఉన్నా పొలం ఎండిపోయేది.

అందుకే మీ కథ జరిగే చోటి పటం తెచ్చుకొని దాని మీద ఒక పలుచని కాగితం పరచండి. కాలువలు, వంతెనలు, రైలు కట్ట, రొయ్యల చెరువులు వదిలేయండి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు మాత్రం గీయండి. గుళ్లు గుర్తుపెట్టండి: ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం గునుపూడి, బిక్కవోలు, అంతర్వేది. గుడి నుంచి గుడికి మనిషి ఎలా వెళ్తాడో ఆలోచించండి. నేల మీద ఆమడ లెక్క, నీటి మీద గాలి లెక్క. లంకలు ఏటా మారతాయి. ఈ ఏడు ఉన్న లంక వచ్చే వరదకు ఉండకపోవచ్చు.

ఇక్కడే మన డెల్టా జన్మాంతర కథకు వరంగా మారుతుంది. కొండ ప్రాంతంలో రాసే కథకుడికి పాత చోటు అలాగే దొరుకుతుంది. మనకు దొరకదు. వెనుకటి జన్మలో వారు చనిపోయిన లంక ఈ జన్మలో నది అడుగున ఉంటుంది. నాయిక వెతుక్కుంటూ వస్తే అక్కడ పంటు, రేవు దాటించే పెద్ద పడవ, తిరుగుతూ ఉంటుంది. గుర్తున్న చోటుకు వచ్చాక అక్కడ నీళ్లు మాత్రమే ఉండడం కంటే గొప్ప విషాదం నేను కల్పించలేను. రాళ్లలో మిగిలింది గుడి ఒక్కటే. కథలో కదలనిది, కదిలేది రెండూ ఉండాలి. గుడి మొదటిది, నది రెండవది.

నాలుగవ అడుగు: వంటిల్లు, గూడు, గడియ

పాఠకుడు తప్పు పట్టేది ముందు కూర దగ్గరే. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, జామ, బొప్పాయి, జీడిమామిడి, వేరుశనగ, మొక్కజొన్న, పొగాకు ఇవన్నీ పోర్చుగీసువారు సముద్రం మీద వచ్చాక దిగినవి. 12వ శతాబ్దపు పులుసులో కారం మిరియాలది. చింతపండు ఉంది, అల్లం ఉంది, ఆవపిండి, నువ్వులు, పనస, అరటి, మామిడి, తాటి ముంజలు, తేగలు ఉన్నాయి. పులస చేప కూడా ఉంది. ఆనకట్ట లేదు గనుక అది ధవళేశ్వరం దగ్గర ఆగాల్సిన పనీ లేదు.

కాలాన్ని గంటల్లో చెప్పకండి. గడియ అంటే 24 నిమిషాలు, అరవై గడియలు ఒక దినం, జాము అంటే ఏడున్నర గడియలు. అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నె నీళ్లలో మెల్లగా మునగడం కాలాన్ని కొలిచే పద్ధతి. గిన్నె మునిగిన చప్పుడుతో ఒక విరహ సన్నివేశం నడపవచ్చు. రాత తాటాకు మీద గంటంతో. డబ్బు మాడలు, గండమాడలు, రూకలు. కొలతలు మానిక, తవ్వ, సోల, గిద్ద. వీటిని మన అమ్మమ్మలు మొన్నమొన్నటిదాకా వాడారు, ఇంట్లో అటక మీద ఇత్తడి సోల ఉంటే దించి చేతిలో పట్టుకొని చూడండి. నాలుగు సోలలు ఒక మానిక. ఆ బరువు చేతికి తెలిశాక పోతబోయ నడక నాకు కనిపించింది.

ఐదవ అడుగు: వారి నోట ఏ మాట రాకూడదు

సంభాషణలు గ్రాంథికంలో రాయనక్కరలేదు. రాస్తే నాటకపు రంగస్థలం గుర్తొస్తుంది, ప్రేమ దూరమవుతుంది. వాడుక తెలుగులోనే రాయండి, కానీ ఆ కాలానికి ఇంకా చేరని మాటలను ఏరివేయండి. పారసీ, అరబీల నుంచి వచ్చినవి మనకు ఎంతగా కలిసిపోయాయంటే పట్టుకోవడమే కష్టం. రోజు, జవాబు, బజారు, ఖజానా, దర్బారు, హుకుం, లంగరు, తుఫాను ఇవన్నీ తర్వాత వచ్చినవే. నాడు, దినం, బదులు, అంగడి, భండారం, కొలువు, ఆన, గాలివాన అనండి. బాల్చీ, అలమార పోర్చుగీసు ఓడల వెంట వచ్చాయి. నేను ఎంతో మురిసిపోయి నవలకు 'బాకీ' అని పేరు పెట్టుకున్నాను. అది అరబీ మాట అని తెలిశాక, పోతబోయ నోట ఎక్కడా రాకుండా 'అప్పు' చేశాను. పేరు కూడా మార్చాను. ఇప్పుడు ఆలోచిస్తే అప్పు అన్న మాటే నేలకు దగ్గరగా ఉంది.

'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అన్న వాక్యం మధ్యయుగపు పాత్ర చేత పలికించకండి. అప్పటివారు మనసు పడతారు, మనసు నిలుపుకుంటారు, లేదా ఏమీ అనరు. సూరసాని ఒక్కసారే తన మనసు చెప్పింది: 'నువ్వు నెయ్యి పోసే వేళకు నేను ఏ పనిలో ఉన్నా చెయ్యి ఆగిపోతుంది.' అతను బదులు చెప్పలేదు. మర్నాడు ఇంకో గిద్ద ఎక్కువ పోశాడు.

పేర్లు శాసనాల్లోంచే తీసుకోండి. ద్రాక్షారామ శాసనాలు దక్షిణ భారత శాసన సంపుటాల్లో నాలుగవదానిలో తెలుగు లిపిలోనే అచ్చయి ఉన్నాయి. ఒక సాయంత్రం కూర్చుంటే యాభై పేర్లు దొరుకుతాయి, ఒక్కటీ ఇప్పటి సినిమా పేరులా ఉండదు.

ఆరవ అడుగు: సూరసానిని చిన్నబుచ్చకండి

గుడి సానుల గురించి, అంటే గుడి సేవలో ఉండే సూరసానివంటి స్త్రీల గురించి, రాసేటప్పుడు చాలామంది చెయ్యి జారుతుంది. వారిని అలంకారపు బొమ్మలుగానో, జాలిపడాల్సిన బాధితులుగానో చూపి వదిలేస్తారు. శాసనాల్లో వారు తమ పేరుతో, తమ సొత్తుతో దీపాలు పెట్టిన దాతలు. గుళ్లో వారికి పని ఉంది, ఆ పనికి వంతు ఉంది, వంతుకు హక్కు ఉంది. యాభై గొర్రెలు ఇవ్వగల స్త్రీ, ఆ గొర్రెలను మేపే కాపరి. అంతస్తులో ఆమె పైన, అతను కింద. ప్రేమకథకు కావలసిన అడ్డుగోడ చరిత్రే కట్టిపెట్టింది, మీరు వేరే దుష్టపాత్రను తెచ్చుకోనక్కరలేదు. నేను మొదట ఒక కామాతురుడైన సామంతుణ్ణి పెట్టాను, మూడవ ప్రతిలో తీసేశాను. అతను వెళ్లాక కథకు ఊపిరి వచ్చింది.

ఏడవ అడుగు: అద్భుతం ఒక్కటే, దానికి ధర ఉండాలి

యక్షిణులు, గంధర్వులు, మాట్లాడే చిలుకలు, కాలంలో తెరుచుకునే ద్వారాలు అన్నీ ఒకే పుస్తకంలో కుక్కితే పాఠకుడు దేన్నీ నమ్మడు. ఒక్కదాన్ని తీసుకోండి. అది ఈ నేలలోంచే రావాలి. డెల్టాలో వెతికితే కొదవ లేదు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి మూర్తి చూడండి: ఒకే రాయి, ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్తే జడ వేసుకున్న మోహిని. ఇద్దరు ఒకరే కావడం, ఒకరే ఇద్దరు కావడం గురించి అంతకంటే బాగా చెప్పిన శిల్పం నేను చూడలేదు. స్త్రీ ఈ జన్మలో పురుషుడిగా పుట్టే కథ రాయాలనుకునేవారు ఆ గుళ్లో కాసేపు కూర్చోవాలి. ద్రాక్షారామంలో సప్తర్షులు గోదావరి పాయలు తెచ్చేసరికి సూర్యుడే స్వామికి తొలి అభిషేకం చేసేశాడన్న పురాణం ఉంది. ఆలస్యంగా వచ్చినవారి కథ అది. ప్రేమలో ఆలస్యానికి దానికి మించిన పోలిక ఏముంటుంది!

నా అద్భుతం ఇది: ఆరిపోయిన ఆ దీపం కార్తీక రాత్రుల్లో, లంక ఉండిన చోట, నీటి మీద వెలుగుతూ కనిపిస్తుంది. ఆ ఇద్దరికి మాత్రమే. మిగతావారికి ఎప్పుడైనా ఒక మెరుపు తగిలితే కొరివి దయ్యం అని ముఖం తిప్పుకుంటారు. దాని ధర: చూసిన ప్రతిసారీ వెనుకటి జన్మలోంచి ఒకటి గుర్తొస్తుంది, ఈ జన్మలోంచి ఒకటి మరుపున పడుతుంది. మొదట వీధి పేరు. తర్వాత ఒక స్నేహితురాలి గొంతు. ఆ పైన తల్లి ముఖం. పూర్తిగా గుర్తొచ్చిన రోజున ఇప్పటి మనిషి మిగలదు. ఈ నియమం పెట్టుకున్నాక ప్రతి జ్ఞాపకానికీ బరువు వచ్చింది. నియమాన్ని ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే అది ఇంకా తయారు కానట్టే.

ఎనిమిదవ అడుగు: వాసన

జన్మల మధ్య దాటి వచ్చేదాన్ని మన భాష వాసన అంది. పూర్వజన్మ వాసన. ముక్కుకు తెలిసేదానికీ, మనసు అడుగున మిగిలేదానికీ తెలుగులో ఒకే మాట. ఇది మనకు దొరికిన నిధి, వాడుకోండి. అన్నీ గుర్తున్నవాణ్ణి జాతిస్మరుడు అంటారు, అటువంటివాడు కథకు పెద్దగా పనికిరాడు. అతనికి వెతుక్కునే పని ఉండదు. మీ పాత్రకు కథ తెలియకూడదు, ఒంటికి మాత్రం అలవాటు తెలియాలి.

నా కథలో ఇప్పటి నాయకుడు కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య తిరిగే పంటు మీద సరంగు, అంటే దాన్ని నడిపేవాడు. రాత్రి చివరి జాములో ఎవరో తట్టినట్టు లేచి కూర్చుంటాడు. ఎక్కడో పని మిగిలిపోయిందన్న దిగులు. ఎవరైనా దీపం ఊదితే ఆ కమురు వాసనకు కడుపులో తిప్పుతుంది. ఎందుకో తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు, పుట్టినప్పటి నుంచి అంతే అనుకుంటాడు.

నాయిక శాసనాల ప్రతులు తీసే పరిశోధక విద్యార్థిని. ఈ పని నేను దగ్గరుండి చూశాను, మీరూ చూడండి. రాతిని నీళ్లతో కడుగుతారు. తడిపిన కాగితాన్ని దాని మీద ముడత లేకుండా పరుస్తారు. గట్టి కుంచెతో కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కొంచెం ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో తడతారు. నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరం లేచి వస్తుంది, చీకట్లోంచి ఎవరో పిలిచినట్టు. నా నాయిక 'నేయి వోయంగలవాండు' దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఆగినట్టే. నేను ఆ పోలికను అక్కడ చెప్పలేదు. ఐదవ అడుగులో సూరసాని మాట గుర్తున్న పాఠకుడు తానే కలుపుకుంటాడు. అతని కోసం ఆ చోటు వదిలేయండి.

వారిద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టే ఘట్టంలో కన్నీళ్లు, మెరుపులు వద్దు. పంటు నది మధ్యలో ఉంది. ఆమె ఊరికే అడుగుతుంది: 'మానిక అంటే ఎంతండీ?' అతను ఎప్పుడూ మానికతో కొలిచినవాడు కాదు. చేతిలోని చెంబుతో గోదావరి నీళ్లు ముంచి, కొంచెం ఒంపేసి, ఆమె సీసాలో పోస్తాడు. ఆమె గదికి వెళ్లి ఇత్తడి సోలతో కొలుస్తుంది. నాలుగు సోలలు. చుక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఈ రెండు పుటలు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

తొమ్మిదవ అడుగు: రెండు కాలాలను అల్లడం

ఒక అధ్యాయం అప్పుడు, ఒక అధ్యాయం ఇప్పుడు అని గడియారంలా మార్చకండి, పాఠకుడు ఒకదాన్ని దాటవేసి రెండవదాన్ని చదవడం మొదలుపెడతాడు. ఇప్పటి కథలో ఒక వస్తువు చేతికి వచ్చినప్పుడే అప్పటి కథలోకి దాటండి. రెండు జన్మలు చాలు. మూడవది కావాలనిపిస్తే చిన్నదిగా ఉంచండి. నేను నాలుగు పుటల జన్మ ఒకటి పెట్టాను: నవంబరు 1839, కోరంగి. ఆ నెలలో వచ్చిన పెను గాలివాన, ఉప్పెన ఆ రేవును ఊడ్చేశాయి. వారిద్దరూ ఆ రేవులో ఒకే అంగడి ముందు ఎదురుపడి, గుర్తుపట్టేలోపే నీళ్లు వచ్చాయి. మళ్లీ కార్తీకమాసపు గాలే.

పదవ అడుగు: అప్పు తీర్చడం

పెళ్లితో ముగించకండి. పెళ్లి ప్రేమను ముగిస్తుందేమో గానీ అప్పును తీర్చదు. గొర్రెలు ఇచ్చింది సూరసాని కాబట్టి ఆమె 'చెల్లు' అంటే చాలదా అని నేనూ అనుకున్నాను. చాలదు. ఇచ్చిన క్షణం నుంచి అవి స్వామివి, దీపం తల్లిది. మాఫీ చేసే హక్కు ఆమెకు లేదు. 3,19,000 మానికలు పోయడమూ కుదరదు. చివరకు నాకు దారి శాసనంలోనే దొరికింది. 'నిత్యము' అన్న మాటలో మొత్తం లెక్క లేదు, ఒక రోజు లెక్కే ఉంది. ఏ రోజు వంతు ఆ రోజుకు మానెడు. భీమేశ్వరుడి గర్భాలయం రెండంతస్తులది, లింగం అంత ఎత్తు, అభిషేకం పై అంతస్తులో జరుగుతుంది. ఆ మెట్లు ఎక్కుతున్న ఇద్దరు, ఒకరి చేతిలో నెయ్యి, ఒకరి చేతిలో వత్తి. ఆమెకు అప్పటికి ఇప్పటి పేరు గుర్తులేదు. పై మెట్టు దగ్గర ఆపేశాను.

చివరి పని: రేవులో చదవండి

రాతప్రతి పూర్తయ్యాక సాహిత్యం తెలిసినవారికి ఇచ్చే ముందు నది తెలిసినవారికి చదివి వినిపించండి. నేను రేవులో ఒక పెద్ద సరంగుకు, టిక్కెట్లు కోసే అమ్మకు, గొర్రెలు మేపే ఒకాయనకు నాలుగు సాయంత్రాలు చదివాను. సరంగు ఒక చోట ఆపి, ఆ గాలికి పడవ అటు పోదు, ఇటు పోతుంది అని దిక్కు సరిచేశాడు. టిక్కెట్ల అమ్మ సూరసాని చీర తడిసిన వర్ణన ఎక్కువైంది, తగ్గించమంది. తగ్గించాను. గొర్రెల ఆయన నాలుగు రోజులూ ఒక్క మాట మాట్లాడలేదు. చివరి పుట విన్నాక లేచి, తుండు దులుపుకొని, 'అంతా బాగుందమ్మా. అతను కుండ గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు కదా, ఆ రాత్రి ఆ యాభై గొర్రెలను ఎవరు చూశారు?' అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వచ్చి ఆ అధ్యాయం రాయడం మొదలుపెట్టాను. పుస్తకంలో ఇప్పుడది పదకొండవది.